ఓడ దిగిన చోట మనుషులున్నారు

అమెరికాలోని షాంటిలీలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు అద్దెకు తీసుకుంటాం. నాలుగు తర్వాత అదే హాలు అరబిక్‌లో ఆరాధించుకునే ఇంకో సంఘానిది. మా ఆరాధన ఏనాడూ నాలుగింటికి ముగిసిన పాపాన పోలేదు. పాటలయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్పుకోవడం. ఒకాయన లేచి తన హెచ్‌వన్‌బీ వీసా కథ ఎత్తుకున్నాడంటే గ్రీన్‌కార్డు వచ్చేదాకా కూర్చోడు. అరబిక్ సంఘం వాళ్ళు పాపం కారిడార్‌లో గోడకానుకుని నిలబడేవాళ్ళు. వెళ్ళి సారీ చెప్పే పని నాది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని కదా, మాటలు పడటం అలవాటేలే అని నాకు అంటగట్టారు.

సండేస్కూల్ ఆంటీతో నాకు దగ్గరితనం కారు వల్ల వచ్చింది. ఆవిడకు డ్రైవింగ్ రాదు, వాళ్ళ ఇల్లు నా దారిలో ఉంది. గుంటూరులో మిషన్ బడిలో చరిత్ర చెప్పి రిటైరై, భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చిన నెలలోనే సండేస్కూల్ పట్టారు. ఇరవై రెండేళ్ళు వదల్లేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ ఒక్క గంట కోసమే తయారయ్యే మనిషి. ఒకసారి ఫ్లూ వచ్చి ఒక వారం మానేస్తే, పిల్లలు ఏం నేర్చుకున్నారో ఫోన్‌లో నన్ను గుచ్చిగుచ్చి అడిగారు. నేనేమో ఆ రోజు పిజ్జా తెప్పించి సరిపెట్టాను. ఆ చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

ఏడాదికో ఆదివారం మా సంఘం ఇశ్రాయేలు కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టుకుంటుంది. ఆ రోజు పిల్లల స్కిట్ ఆంటీదే. మొదటి రంగంలో ఐరోపాలో యూదుల ఇళ్ళ మీద మూక పడుతుంది. రెండో రంగంలో, ఏ దేశంలో ఉన్నా తరిమేస్తుంటే మనకంటూ ఒక దేశం ఉండాలని నలుగురు బల్ల చుట్టూ కూర్చుని అనుకుంటారు. ప్రార్థనల్లోనూ పుస్తకాల్లోనూ మిగిలిన హీబ్రూ భాషని మళ్ళీ పిల్లల నోట పలికించిన జనం గురించి చెప్పేటప్పుడు ఆవిడ కాగితం చూసేవారే కాదు. మూడో రంగంలో టీవీ అట్టపెట్టెలతో చేసిన ఓడ వస్తుంది, పిల్లలు దిగుతారు. స్టేజీ మీద ఎవరూ ఉండరు. "ఖాళీ నేల వాళ్ళ కోసం ఎదురుచూస్తోంది" అని ఆంటీ పక్కనుంచి చదువుతారు. మేమంతా చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను, ఎన్నోసార్లు.

రెండేళ్ళ కిందట ఆ స్కిట్ రిహార్సల్ చేస్తుంటే నాలుగు దాటింది. తలుపు దగ్గర అరబిక్ సంఘంలో ఒకామె నిలబడి చూస్తోంది. డెబ్బై ఏళ్ళుంటాయి, మెడలో చిన్న శిలువ. ఆంటీ ఆప్యాయంగా వెళ్ళి, "మీరు క్రీస్తును ఎప్పుడు నమ్ముకున్నారండీ?" అని ఇంగ్లీషులో అడిగారు. అరబ్బు అంటే ముస్లిమే, మధ్యలో మారి ఉంటుందని మా అందరి లెక్క. ఆవిడ నవ్వేసింది. "మాది గలిలయ కొండల్లో ఊరు. మొదటినుంచీ క్రైస్తవులమే. మీరో?" అంది. మా ముత్తాత కాలంలో, అన్నారు ఆంటీ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ స్టేజీ వైపు చూపించి, కోపం లేకుండానే అడిగింది: "ఆ ఓడ వచ్చేటప్పటికి మేమెక్కడున్నాం?" 1948 యుద్ధంలో ఇశ్రాయేలు సైన్యం ఊరు ఖాళీ చేయించిన రోజు వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోందట. రెండు వారాల్లో తిరిగి రావచ్చన్నారట. వాళ్ళ కుటుంబం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఈవిడ లెబనాన్‌లో పుట్టింది.

 మర్నాడు సాయంత్రం ఆంటీ నన్ను లైబ్రరీకి తీసుకెళ్ళమన్నారు. ఆ నెలంతా యూదులు రాసినవీ అరబ్బులు రాసినవీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. ఎనభై రెండేళ్ళ వయసులో, భూతద్దం పట్టుకుని! "చరిత్ర టీచర్నమ్మా నేను. ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి, బళ్ళున్నాయి. ఖాళీ అని ఎట్లా చెప్పానే?" అనేవారు. మొదటి రెండు రంగాల్లో మాత్రం ఒక్క అక్షరం తీసేయలేదు. నేను తెలివిగా, అవి కాస్త తగ్గిస్తే సరి కదా అన్నాను. "నోర్ముయ్. వాళ్ళ ఏడుపు నిజం కాదా?" అని కసిరారు.

మూడో రంగం మార్చి రాసి సంఘపెద్దకు చూపించారు. ఆయన మంచివాడే, కాకపోతే భయస్థుడు. "ఇది పాలిటిక్స్ ఆంటీ. మనకెందుకు? స్క్రిప్ట్‌లో ఒక్క మాట మారినా క్లాసు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది, ఏమీ అనుకోకండి" అన్నారు. ఆంటీ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, "సరే బాబూ, ఒక్క మాట కూడా మార్చను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంతా చదివి ఇదా! ఇంటిదాకా మొహం మాడ్చుకునే డ్రైవ్ చేశాను.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. మొదటి రెండు రంగాలు బాగా నడిచాయి. ఓడ వచ్చింది. అప్పుడు ఆంటీ స్టేజీ పక్కనుంచి లేచి, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకెళ్ళి స్టేజీ మధ్యలో వేసుకుని కూర్చున్నారు. సంచిలోంచి పళ్ళెం తీసి ఒళ్ళో పెట్టుకుని చిక్కుళ్ళు ఒలవడం మొదలుపెట్టారు.  చదవాల్సిన వాక్యం చదవలేదు.

ఓడ ముందున్న ఏడేళ్ళ పాప "ఇదిగో మన దేశం, రండి" అనబోయి ఆగిపోయింది. వెనకున్న పిల్లలు ఒకరినొకరు గుద్దుకున్నారు.

"ఆంటీ, ఇది మీ ఇల్లా?"

"అవునమ్మా."

పాప వెనక్కి తిరిగి పిల్లల వైపు చూసింది. "బట్ మాకు ఇంకెక్కడా ప్లేస్ లేదు ఆంటీ. అందరూ కొట్టారు కదా."

"తెలుసు తల్లీ. అదీ నిజమే."

"మరి ఎలా?"

ఏ ప్రశ్నకైనా ఠకీమని జవాబిచ్చే మనిషి చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేశారు. "నాకు తెలీదమ్మా" అన్నారు. "పెద్దవాళ్ళెవరికీ తెలీలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు. అంత ధైర్యం నేను మా చర్చిలో అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆవిడ మీద నేను మొహం మాడ్చుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే సంఘపెద్ద నుంచి ఆంటీకి మెసేజ్ వచ్చింది. క్లాసు పోయింది. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆవిడ చదువుకుని, కళ్ళజోడు తీసి, చిన్నపిల్లలా ఏడ్చారు. నేను సంఘపెద్దను నాలుగు దులిపేద్దామని ఫోన్ తీస్తే చేయి పట్టుకున్నారు.

"ఆయన్నొదిలెయ్. నా దగ్గర చదివిన పాత పిల్లల నంబర్లున్నాయా నీ దగ్గర?"

వాట్సాప్ గ్రూపులో ఉన్నాయన్నాను.

"మొదటి బ్యాచ్ నుంచి మొదలుపెట్టు. ఫోన్ కలుపు."

మొదట దొరికినవాడు అరోరా అనే ఇంకో ఊళ్ళో ఉంటున్నాడు. ముప్ఫై దాటినవాడు, ఆంటీ గొంతు వినగానే పదేళ్ళవాడైపోయాడు. ఆవిడ కుశలం అడగలేదు, సుత్తి లేకుండా చెప్పేశారు. "నాన్నా, ఆ నేల ఖాళీ అని నీకు చెప్పాను. అది తప్పు. అక్కడ మనుషులున్నారు. నన్ను క్షమించు."

అవతల అతను టీవీ ఆపేశాడు.

"ఆంటీ," అన్నాడు, "లాస్ట్ వీకే మా పాపకి నేను అదే చెప్పాను."

ఆంటీ కళ్ళు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"పాపని పిలువు" అన్నారు.