సిగిడి నిండా వరద నీళ్ళు

దయ్యాలంటే నాకు భయం లేదు. అవి ఉన్నాయని అనుకుంటే కదా భయం! గోదావరిఖనిలో ఇన్నేళ్ళ కాపురంలో, ఫలానా గనిలో చనిపోయినవాడు కనిపించాడనీ, ఫలానా క్వార్టర్లో ఎవరో ఏడుస్తున్నారనీ ఎంతమంది చెప్పినా వాళ్ళ మొహం మీదే నవ్వేదాన్ని. మా ఆయన రాజయ్య బొగ్గుగనిలో సర్దారు. అంటే, కార్మికులు పని మొదలుపెట్టేముందు లోపల విషవాయువు ఉందో లేదో చూసి చెప్పే మనిషి. ఆయన కూడా కళ్ళతో చూసిందే నమ్ముతాడు. ఇంట్లో ఇద్దరమూ మొండివాళ్ళమే. అందుకే ఇది రాయాలంటే నాకే కాస్త ఇబ్బందిగా ఉంది.

కొన్నేళ్ళ కిందటి వానాకాలం. గోదావరి పొంగి మా వాడలోకి వచ్చింది. మాది కంపెనీ క్వార్టర్ కాదు, ఏటి వైపు పల్లంలో సొంతంగా కట్టుకున్న ఇల్లు. నీళ్ళు కిటికీల పైదాకా నిలబడ్డాయి. బడిలో పెట్టిన శిబిరంలో తలదాచుకున్నాం. మాతోపాటు మా బిడ్డ సుమ కూడా ఉంది. తొలికాన్పుకని ఏడో నెలలోనే కాసిపేటలోని అత్తారింటి నుంచి తెచ్చుకున్నాం. అప్పటికి తొమ్మిదో నెల.

నీళ్ళు తీశాక ఇంటికి వచ్చి తలుపు నెడితే కదల్లేదు. చెక్క ఉబ్బి చౌకట్టులో బిగుసుకుపోయింది. ఆయన గడ్డపారతో పెకిలించి తీశాడు. లోపల మడమలు మునిగేంత బురద. డబ్బాలో బియ్యం పులిసి కంపు కొడుతున్నాయి. బీరువా బోర్లా పడి ఉంది. పరుపు ఎత్తబోతే కింద పాము. సుమ శ్రీమంతం చీర రంగు దిగి బురదలో ముద్దయింది. ఆ చీర చేతిలో పట్టుకుని, సిగ్గు విడిచి, అక్కడే బురదలో కూలబడి పెద్దగా ఏడ్చాను.

ఏడిస్తే గోడలు ఆరవు కదా. నాకు కావలసింది ఒక్కటే, బాలింతనూ పసిగుడ్డునూ పడుకోబెట్టడానికి ఒక పొడి గది. బడి మళ్ళీ తెరుస్తున్నాం, శిబిరం ఖాళీ చేయండి అన్నారు. దగ్గరి చుట్టాల ఇళ్ళూ మాలాగే మునిగాయి. వియ్యపురాలు ఫోన్ చేసి పిల్లను పంపించమంది గానీ, కాసిపేట పోవాలంటే గోదావరి దాటాలి. నిండు నెలల మనిషిని ఏరు దాటించకూడదని మా అత్త కాలం నుంచీ ఇంట్లో పట్టింపు. దయ్యాలను నమ్మనిదానివి ఇదెలా నమ్మావని నన్నడగొద్దు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అన్నీ నమ్ముతాం.

పక్కింటి నస్రీన్ వాళ్ళకు డాబా మీద ఒక గది ఉంది. రాత్రిళ్ళు సుమను అక్కడే పడుకోబెట్టుకునేది. కానీ వాళ్ళ ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలోనే సర్దుకుంటున్నారు. పురుడు కూడా అక్కడే పోయమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

బురద ఎత్తిపోశాం. బ్లీచింగ్ చల్లాం. మళ్ళీ మళ్ళీ కడిగాం. ఎంత కడిగినా, ఆరీ ఆరగానే నేల మీద ఎర్రటి పొర తేలేది. గోడ మీద చెయ్యి వేస్తే జ్వరం దిగుతున్న మనిషి ఒంటి మీద వేసినట్టు చెమ్మగా తగిలేది. తినే అన్నంలోనూ అదే మురుగు వాసన. పైన వాన ఆగదు. ఈ ఇల్లు ఇక ఆరదు, నా బిడ్డకు చోటు లేదు అని నాలో నేనే అనుకుంటూ తిరిగేదాన్ని. నోటికి వచ్చిన మాటలన్నీ ఆ నీళ్ళను తిట్టడానికే ఖర్చయ్యాయి.

చివరికి మా ఆయన, ఇల్లంతా కాదు, అరుగు పక్క గది ఒక్కటి ఆరబెడదాం అన్నాడు. బొగ్గుకు మాకు కొదవ లేదు. పాత ఇనుప బకెట్‌తో చేసిన కుంపటి ఒకటి నస్రీన్ వాళ్ళ డాబా మీద మిగిలింది. మా దగ్గర దాన్ని సిగిడి అంటాం. బకెట్ లోపల మట్టి మెత్తి, మధ్యలో ఇనుప చువ్వలు అడ్డం పెట్టి, గాలి ఆడటానికీ బూడిద తీయడానికీ కింద ఒక పక్కన అరచెయ్యి పట్టేంత రంధ్రం కోసి ఉంటుంది. దాన్ని తెచ్చి గది నడుమ పెట్టి రోజూ రాజేశాడు.

వాయువు సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా? డ్యూటీకి పోయేముందు రోజూ ఇదే పాఠం.

"తలుపు, కిటికీ బార్లా తెరిచి ఉంచాలె. సిగిడి మండినంతసేపు లోపల ఎవ్వరు కూసోవద్దు. ఆ గ్యాసు కంటికి కనవడది, వాసన రాదు. సప్పుడు లేకుంట పాణం తీస్తది. ఇనవడ్తుందా బిడ్డా?"

"ఇనవడ్తుంది బాపు. రోజు గదే ముచ్చట," అని సుమ నవ్వేది.

గది ఆరింది. గోడకు చెంప ఆనించి చూసుకున్నాను. పొడిగా తగిలింది. మంచం వేసి, నస్రీన్ ఇచ్చిన తెల్ల దుప్పటి పరిచాను. ఎన్నాళ్ళకో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రోజు పొద్దున ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నం నేనూ నస్రీనూ ఇంటి వెనక మురుగు మోరీలో పూడిక తీస్తున్నాం. సుమ ముందు అరుగు మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. చెమ్మ మళ్ళీ చేరకుండా గదిలో సిగిడి మండుతోంది. ఇంతలో వాన జోరందుకుంది. చలికి వణుకు పుట్టి, నడుము లాగుతుంటే సుమ లేచి ఆ వెచ్చటి గదిలోకి పోయింది. జల్లు మంచం మీద పడుతోందని కిటికీ మూసింది. గాలికి కొట్టుకుంటున్న తలుపును నెట్టింది. కాసేపు నడుము వాలుద్దామనుకున్నానని తరవాత చెప్పింది. పదే పదే తడిసి ఉబ్బిన తలుపు చౌకట్టులో బిగుసుకుపోయింది.

నేను తట్ట కోసం ముందుకు వచ్చి చూస్తే అరుగు ఖాళీ. గది తలుపు మూసి ఉంది. పిలిస్తే పలకలేదు.

వెనకే వచ్చిన నస్రీన్, "యా అల్లా! అక్కా, లోపల సిగిడి ఉన్నది కదా!" అంది.

తలుపు నెట్టాను, కదల్లేదు. గడ్డపార ఆమే తెచ్చింది. ఇద్దరం సందులో దూర్చి పెకిలించాం. తలుపు ఊడి వచ్చినప్పుడు లోపలి నుంచి వేడి సెగ కొట్టాలి. చల్లటి గాలి తగిలింది, వరద వాసనతో.

సుమ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. లేపితే తల వాలిపోతోంది. చంకల కింద చేతులు వేసి అరుగు మీదికి ఈడ్చుకొచ్చాం. "బిడ్డా, కండ్లు తెరువే," అని చెంపలు కొట్టాను. చాలాసేపటికి పెదాలు కదిలాయి.

"నీళ్ళొచ్చినయమ్మా. మోకాళ్ళ దాక ఒచ్చినయ్. పోదాం పా," అని వాంతి చేసుకుంది.

నస్రీన్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆటో కోసం వీధిలోకి కేకలు వేస్తోంది. కాళ్ళకు చుట్టడానికి దుప్పటి తెద్దామని నేను గదిలోకి పోయాను.

అక్కడ చూసింది చూసినట్టు చెబుతున్నాను. సిగిడి అంచు దాకా నీళ్ళు ఉన్నాయి. ఎర్రటి వరద నీళ్ళు, పైన చెత్త తేలుతోంది. కింద రంధ్రం తెరిచే ఉంది. దానిలోంచి ఒక్క చుక్క కారడం లేదు. చుట్టూ నేల పొడిగా ఉంది. నిప్పుల మీద నీళ్ళు పడితే బూడిద గదంతా లేస్తుంది, ఇల్లాలిని నాకు తెలియదా? పక్కనే ఉన్న తెల్ల దుప్పటి మీద రవ్వంత బూడిద లేదు.

"నస్రీన్, ఇటు చూడు," అన్నాను. ఆమె అరుగు మీది నుంచే తల తిప్పి చూసింది. నేను అంచు మీద వేలు పెట్టాను. ఇనుము చల్లగా ఉంది. మరుక్షణం ఆ రంధ్రంలోంచి నీళ్ళన్నీ భళ్ళున నేల మీదికి వచ్చేశాయి.

"ముట్టకు అక్కా! జల్ది రా, పిల్లను చూస్కుందాం!" అని నస్రీన్ అరిచింది. దుప్పటి లాక్కుని బయటపడ్డాను.

దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. కడుపులో బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. ఆ బొగ్గు ఇంకొంచెంసేపు మండి ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్ళు పోసి మంచి పని చేసినవే," అన్నాడు, సిగిడి నిండా నీళ్ళున్న సంగతి విని.

"నేను పోయలే," అన్నాను. నస్రీన్ కూడా పోయలేదంది. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, నస్రీన్‌ను వెంటబెట్టుకుని ఇంటికి పోయాడు.

ఇంటికి పోయి స్లాబు చూశాడట, ఎక్కడా కురిసిన మరక లేదు. కిటికీ మూసినట్టే ఉంది, దానికి ఇనుప ఊచలు. సిగిడిని వాకిట్లోకి తెచ్చి బిందెతో నీళ్ళు పోశాడు. పోసినవి పోసినట్టే రంధ్రంలోంచి కారిపోయాయి. "అన్న వానల నిలవడి పోస్తనే ఉన్నడు అక్కా," అని నస్రీన్ తరవాత చెప్పింది. చీకటి పడేవేళకు తిరిగి వచ్చి మంచం కోడు పట్టుకుని కూర్చున్నాడు. "నాకు సమజైతలేదే," అని ఒక్క మాట అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

సుమకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పురుడు నస్రీన్ వాళ్ళ డాబా గదిలోనే జరిగింది, అడగకుండానే ఆమే తీసుకుపోయింది. గంగమ్మ కాపాడిందని కొందరన్నారు. కంగారులో నువ్వే పోసి మరిచిపోయావని ఇంకొందరన్నారు. అదే నిజమైతే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. కానీ తలుపు తీసింది మేమే, నీళ్ళు అప్పటికే ఉన్నాయి. ఎలా వచ్చాయంటే ఈ రోజుకీ నేను చెప్పలేను.

ఇంకొకటి ఉంది. ఇది సుమకు ఇంతవరకూ చెప్పలేదు. ఆ సాయంత్రం దవాఖానలో, మా ఆయన ఇంటికి పోయినప్పుడు, నర్సు సుమ కాళ్ళ మీది దుప్పటి తీసి ఆగిపోయింది. పాదాలు తెల్లగా పాలిపోయి, రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

"నిండు నెలల మనిషిని గింతసేపు నీళ్ళల్ల ఎందుకు నిలవెట్టిండ్రమ్మా?" అని నర్సు నన్ను కోప్పడింది.

నేను సుమ చీర కుచ్చిళ్ళు పట్టుకుని చూశాను. పొడిగా ఉన్నాయి. ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను. అవి వెచ్చబడటానికి చాలాసేపు పట్టింది.