పక్క గదిలో చెల్లెలు

ఆ బడిలో ఐదో తరగతి రెండు గదుల్లో నడిచేది. మధ్యలో చెక్క అడ్డం ఒకటి, అదీ కప్పుదాకా అందదు. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. ఇటు గదిలో అక్క, అటు గదిలో చెల్లెలు. ఇద్దరూ భాషే చెప్పేవారు.

చెల్లెల్ని ఆ బడికి తీసుకొచ్చింది అక్కే. "మా చెల్లెలండీ, పిల్లలంటే ప్రాణం" అని పెద్దసారుకి చెప్పి మరీ చేర్పించింది. ఏడాది తిరక్కుండానే ఎందుకు చెప్పానా అని నాలుక కరుచుకుంది.

అక్క పాఠం గట్టి పాఠం. ఉపమాలంకారమంటే బోర్డు మీద నాలుగు మాటలు రాసేది. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం, దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం, రెండింటికీ ఉన్న పోలిక సమానధర్మం, 'లాగా', 'వలె' లాంటివి ఉపమావాచకం. ఆ తర్వాత ఉదాహరణ: ఆమె ముఖం చంద్రబింబం వలె ఉన్నది. పిల్లలు వల్లె వేసేవారు. తప్పు పోయేవాళ్లు కాదు.

చెల్లెలు ఒక గుడ్డసంచి తెచ్చేది. అందులో గరుకు కాగితం, తడి సబ్బు, ఉల్లిపాయ, పాత తాళం. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టమనేది. "ఎలా ఉంది?" అనేది. "గడ్డం గీసుకోని మా మావయ్య బుగ్గలా ఉంది టీచర్" అనేవాడొకడు. గది గొల్లుమనేది. ఆ నవ్వు అడ్డం మీంచి దూకి ఇటు పడేది. అక్క పిల్లలు ఒక్కసారిగా తలలు అటు తిప్పేవారు. "ఇటు చూడండి" అనేది అక్క. చూసేవారు, చెవులు మాత్రం అటే.

ఒళ్లు మండిపోయేది అక్కకి. చిన్నప్పుడూ ఇంతే. తను రోజంతా చదివి మొదటి ర్యాంకు తెచ్చుకుంటే, ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం చెల్లెలి కబుర్లకే మురిసిపోయేవారు. "పెద్దది బుద్ధిమంతురాలు" అని ఓ మాట అనేసి చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేవారు. ఆ బుద్ధిమంతురాలు అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పెద్దసారు దగ్గరికెళ్లి ఓ రోజు అననే అంది. "నవ్విస్తే సరిపోతుందా సార్? ఆ పిల్లల్ని ఉపమేయమంటే ఏమిటో అడిగి చూడండి."

"పరీక్షలో తేలుతుంది కదమ్మా" అన్నాడాయన.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఉపమాలంకారమంటే ఏమిటి, సొంతంగా ఒక ఉదాహరణ రాయండి. ఒకరి గది పేపర్లు ఇంకొకరు దిద్దాలని ఆ బడిలో పద్ధతి. చెల్లెలి పేపర్లు అక్క చేతికొచ్చాయి.

ఆశపడ్డట్టే, నిర్వచనం ఒక్కరూ సరిగ్గా రాయలేదు. అక్క ఎర్రపెన్ను హాయిగా కదిలింది. ఉదాహరణల దగ్గరికొచ్చేసరికి నెమ్మదించింది. 'మా తాతయ్య దగ్గు స్టార్టవ్వని స్కూటర్‌లా ఉంటుంది' అని ఒకరు. 'అమ్మ కోపం పాలపొంగులాంటిది, పొయ్యి కట్టేస్తే దిగిపోతుంది' అని ఇంకొకరు. ముందు వరసలో కూర్చునే బక్కపిల్ల ఇలా రాసింది: 'అక్క పెళ్లయి వెళ్లిపోయాక మా ఇల్లు పన్నూడిన నోరులా ఉంది.'

అక్క ఆ వాక్యం మళ్లీ చదివింది. ఇన్నేళ్లలో తన గదిలోంచి ఇలాంటి ముక్క ఒక్కటీ రాలేదు. తనకైనా తోచేది కాదు. 'నిర్వచనం లేదు' అని పక్కన రాసి ప్రశ్న మొత్తానికీ సున్నా చుట్టింది. అందరికీ అంతే.

చెల్లెలు అక్క గది పేపర్లు దిద్ది తిరిగిచ్చింది. అందరికీ పూర్తి మార్కులు.

"బాగా రాశారా?" అంది అక్క.

"నిర్వచనం ఒక్క అక్షరం పొల్లుపోలేదక్కా" అని చెల్లెలు కాస్త తటపటాయించింది. "కానీ అందరి ముఖాలూ చంద్రబింబాలే."

ఎగతాళి చేస్తోందేమోనని అక్క దాని మొహంలోకి చూసింది. లేదు. ఉంటే బాగుండేది, తిట్టడానికి వీలయ్యేది.

మర్నాడు చెల్లెలు పేపర్లు పంచుతుంటే అడ్డం అవతల గోల మొదలైంది. "మనకెందుకు టీచర్ సున్నా?" అంటోంది బక్కపిల్ల గొంతు.

"నిర్వచనం అడిగారు, మనం రాయలేదు. అది నేను నేర్పలేదు. పక్క టీచర్ సరిగ్గానే దిద్దారు. ఆవిణ్ణి అడిగి రేపట్నుంచి నేర్చుకుందాం, నేనూ నేర్చుకుంటా."

అక్క చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాటకి తల కొట్టేసినట్టయింది. దాన్ని బల్ల మీద పెట్టి పక్క గది గుమ్మం దగ్గరికెళ్లింది.

"ఆ పేపర్లు ఇలా ఇవ్వు. ఉదాహరణకి సగం మార్కులున్నాయి. వెయ్యలేదు."

"మర్చిపోయావా అక్కా?"

"లేదు. కావాలనే వెయ్యలేదు."

పిల్లలంతా వింటున్నారు. చెల్లెలు పేపర్లు పోగేసి చేతిలో పెట్టింది. అందరికీ ఆ సగం మార్కులూ వేసి, బక్కపిల్ల పేపరు మీద 'చాలా బాగుంది' అని రాసింది అక్క. రాస్తున్నప్పుడు కూడా అసూయ తగ్గలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు.

తర్వాత పెద్దసారు వారానికో గంట గదులు మార్చుకోమన్నాడు. అక్క అటు వెళ్లి, పిల్లలు చెప్పిన పోలికల్లోనే ఉపమేయం, ఉపమానం వేలుపెట్టి చూపించేది. స్కూటర్‌కీ తాతయ్య దగ్గుకీ సమానధర్మమేమిటని అడిగితే వాళ్లు గంటసేపు కొట్టుకున్నారు. ఆ గదికి తనూ కాస్త నచ్చింది.

అయితే ఆ గంటలో తన గదిలోంచి కేరింతలు వినిపించినప్పుడు మాత్రం ఇప్పటికీ సుద్ద గట్టిగా నొక్కి విరిచేస్తూ ఉంటుంది. చెల్లెలికి ఆ చప్పుడు తెలుసు. సాయంత్రం ఇంటిదారిలో "ఇవాళ ఎన్ని ముక్కలైందక్కా?" అని అడుగుతుంది.

"నీకెందుకే" అంటుంది అక్క, నడక వేగం పెంచుతూ.