బోణీకి పోయిన కోవా గిటారు

నాకని తీసిపెట్టిన గిటారును దుకాణదారు ఇంకొకరికి అమ్మేశాడు. అదీ తెలిసే అమ్మాడు.

మాదాపూర్‌లో ఆ దుకాణం ఎదుట కొత్త టవర్‌కు అద్దాలు బిగిస్తున్న రోజులవి. హవాయి దీవుల కోవా చెక్కతో కొన్ని మాత్రమే చేసి, లోపల వరుస సంఖ్య వేసిన గిటారు ఆ దుకాణానికి ఒక్కటే వచ్చింది. నేను బడి ముఖం సరిగా చూడనివాణ్ణి. చెక్కల గుణాలు పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఎండలో కాస్త వంచితే ఆ చెక్క లోపల తేనె కదిలినట్టుండేది. నాలుగు ఆదివారాలు వెళ్లి వాయించి, చివరికి "దీన్ని నేనే తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వకు" అన్నాను.

"మీదే సార్, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు.

మర్నాడు షట్టర్ తీయగానే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసరు వచ్చి, తన గదిలో గోడకు తగిలించడానికి దాన్ని కొనుక్కుపోయాడు. ఆయనకు వాయించడం రాదట. వాయించని చెక్క గొంతు పూడుకుపోతుంది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

మాట ఇచ్చి ఎందుకు తప్పావని వరుసగా మూడు రోజులు వెళ్లి అడిగాను. రెండు రోజులు టీ తాగించి పంపేశాడు. మూడో రోజు అన్నాడు:

"పొద్దుగాల బోణీ గిరాకీని ఉత్తచేతుల పంపితే ఇగ మల్ల రాడు సార్. మీరు ఇంటోళ్ల లెక్క. తిట్టుకుంటైనా వస్తరు."