తాళం వేసిన నెట్ సెంటర్లో నా కథ

నా కథ ఇంటర్నెట్ పత్రికలో వచ్చింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, కథ రాసిందీ నేనే. రావులపాలెంలో కనబడిన వాళ్లందరికీ చెప్పేశాను. ఒక్క సంగతి మాత్రం దాచాను. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను?

కథ మా తాత గురించి. మార్కెట్లో అరటిగెలలు మోసేవాడు. నేను పుట్టకముందే పోయాడు.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, పేరాకీ పేరాకీ మధ్య ఒక లైను ఖాళీ వదలాలి. పత్రికవాళ్లు పెట్టిన షరతులవి. నేను నెట్ సెంటర్లో టైపు చేయడానికి కూర్చున్న రోజే గడువు. కాగితంలో ఖాళీ వదిలితే చిన్నప్పుడు నాన్న ఊరుకునేవాడు కాదు. ఆ అలవాటుకొద్దీ అంతా కలిపి కొట్టేస్తున్నాను.

మధ్యాహ్నం ఓనరు గారు భోజనానికి లేచారు. నన్ను ఉండనిమ్మని బతిమాలాను. "బయట తాళం వేసుకెళ్తానండి, లేదంటే జనం వచ్చేస్తారు" అని షట్టరు దించేశారు.

కాసేపటికి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని ఆగిపోయింది. నేను సేవ్ చేయలేదు.

కిటికీ లేని గది, చిమ్మచీకటి. ఒళ్లంతా చెమట. షట్టరు బాదాను. హైవే మీద లారీల మోతలో ఎవరికి వినబడుతుంది?

అప్పుడు నా వెనక కీబోర్డు చప్పుడు. టకటకా కాదు. అక్షరాలు రానివాడు ఒక్కోటీ వెతుక్కుంటూ నొక్కుతున్నట్టు. స్క్రీన్ వెలుగు లేదు. వెనక్కి తిరగలేదు. షట్టరుకి మొహం ఆనించి నిలబడిపోయాను.

ఓనరు గారు వచ్చాక కరెంటూ వచ్చింది. ఫైలు తెరిస్తే కథ మొత్తం ఉంది. పేరాల మధ్య ఖాళీలు సరిగ్గా ఉన్నాయి. చివర నేను రాయని పేరా ఒకటి.

"అదే సేవ్ చేసుకుంటుందండి ఒక్కోసారి" అన్నారాయన. ఆ పేరా తుడిచేద్దామంటే చెయ్యి రాలేదు. అలాగే పంపేశాను.

పత్రికలో వచ్చాక నాన్నకి చదివి వినిపించాను. ఆ పేరాలో తాత ఇంటికొచ్చే ముందు కాలవ రేవులో కూర్చుని, భుజం మీది అరటి జిగురు మరకల్ని మట్టితో రుద్దుతాడు. పోకపోతే కండువా కప్పుకుంటాడు, పిల్లల కంట పడకుండా.

నాన్న నా వైపు తిరిగాడు.

"ఇది నీకెవరు చెప్పార్రా? రేవు చాటు నుంచి చూసింది నేనొక్కణ్ణే. మీ అమ్మక్కూడా చెప్పలేదు."

తాతకి వేలిముద్ర తప్ప సంతకం రాదు.

"ఇంకోసారి చదువు" అన్నాడు నాన్న. చదివాను. కథ కింద నా పేరే ఉంది. ఆ పేరా ఎవరు కొట్టారో ఇప్పటికీ చెప్పలేను.