నడిసముద్రంలో కొండ ఎటువైపు?

మా వీధిలో ఎవరు ఓడ ఎక్కబోతున్నా ఇప్పుడు ముందు మా ఇంటికే వస్తున్నారు. చెన్నై రేవులో ఎక్కించుకుని, రెండు రాత్రులు నీళ్ల మీద తిప్పి, మళ్లీ అక్కడే దించే విహార ఓడ అది. మేం ఎక్కినప్పుడు ఆ కంపెనీ పేరు తిరుపతిలో మాకు తెలిసినవాళ్లెవరూ వినలేదు. అడిగి తెలుసుకుందామన్నా చెప్పే దిక్కు లేదు. ఆ ఉక్రోషం ఇంకా తీరలేదేమో, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి మరీ చెబుతాను. మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టకండి, పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి పొద్దుగూకుతుంది. లోపల ఏసీ చలి ఎముకలు కొరుకుతుంది, స్వెట్టరు తప్పదు. ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోయి గేటు దగ్గర పోట్లాడకండి, నేను పోట్లాడి చూశాను, పులిహోర పోయింది. అందరూ తలలూపుతారు. ఒక్క సంగతి మాత్రం చెప్పను. అది ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మా ఆయనకు రంగుల అంగడి ఉంది. గోడల రంగులు, బ్రష్షులు, పుట్టీ. సరుకు బాగా అమ్మినందుకు రంగుల కంపెనీ వాళ్లు ఇద్దరికి ఓడ టికెట్లు ఇచ్చారు. ఇళ్లకు రంగులేసుకునే కాలంలో అంగడి మూయడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. "నువ్వూ, అమ్మా పోయి రాండి" అన్నాడు. నాకు లోపల పండగే. నేను పుట్టింది నగరిలో, మగ్గాల చప్పుడు మధ్య. మా వీధిలో నీళ్లు బిందెల్లోనూ, అద్దకం తొట్లలోనూ తప్ప కనబడేవి కావు. చిన్నప్పుడు మధ్యాహ్నం నిద్రలో ఆ మగ్గాల చప్పుడే నాకు ఎక్కడో అలల చప్పుడై వినబడేది. ఒడ్డు కనబడని చోట ఒక్కసారి నిలబడాలని అప్పటినుంచీ కోరిక.

అత్త సంగతి చెప్పాలి. ఆమె మా నాయనకు అక్క, నాకు మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి అత్తగారంటే భయం లేదు, "నువ్వు" అనే పిలుస్తాను, అవసరమైతే కసురుతాను కూడా. ఆమెకు ఒక అలవాటు ఉంది. రోజూ తెల్లవారకముందే మిద్దె ఎక్కుతుంది. ఉత్తరం వైపు తిరిగి కొండను చూస్తుంది. చూసిన తర్వాతే కిందికి దిగి నోట్లో ఏదైనా వేసుకుంటుంది. చూడనిదే కాఫీ చుక్క కూడా ముట్టదు. వానరోజుల్లో మబ్బు కొండను కప్పేస్తే, గొడుగేసుకుని అది తొలిగేదాకా నిలబడుతుంది. ఈ అలవాటు మూలంగా ఆమె ఏ ఊళ్లోనూ రాత్రి ఉండింది లేదు. నగరిలో నా తమ్ముడి పెళ్లికి కూడా పగలు వచ్చి ఆఖరి బస్సుకు వెళ్లిపోయింది. వీధిలో ఆమెను పెద్ద భక్తురాలంటారు. శనివారం పూట కొత్త కోడళ్లు వచ్చి కాళ్లకు మొక్కిపోతుంటారు.

భక్తి సంగతి సరే, ఆమెకు షుగరు ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాక తిని తీరాలి. టికెట్లు చేతికొచ్చినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఓడలో పొద్దున్నే ఈమె ఏం చూసి తింటుంది?

"సముద్రంలో కొండ కనపడదు గదత్తా, ఎట్ల?" అని అడిగాను.

"కనపడక యాడికి పోతాది మే? అంత పెద్ద కొండ" అంది.

నాకు ఓడ ఎక్కాలని ఉంది. పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

బస్సులో ఆమె వెనక కిటికీ పక్కనే కూర్చుంది. పుత్తూరు దాకా మెడ తిప్పుకునే ఉంది. నగరి దగ్గర ముక్కులా నిలబడే మా కొండ అడ్డం వచ్చాక మెడ ఇటు తిప్పి, మా ఊరి కొండను తప్పుచేసినవాడిని చూసినట్టు చూసింది. రేవులో మమ్మల్ని ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి, గుంపులు గుంపులుగా పిలిచారు. అత్తకు అక్కడ మాత్రం పరాయితనమే లేదు. కాళ్లు ముడుచుకుని కూర్చుని, "పైన కంపార్ట్‌మెంట్లో కూసున్నట్టే ఉండాది, లడ్డు ఒకటే తక్కువ" అంది. తలుపు తెరిచినప్పుడు అందరూ నిదానంగా లేస్తుంటే, ఆమె నా కొంగు తన వేలికి చుట్టుకుని అందరినీ తోసుకుంటూ ముందుకు నడిచింది. దర్శనం క్యూలో అలవాటైన నడక అది. నాకు తల కొట్టేసినట్టయింది.

గది అగ్గిపెట్టంత ఉంది, గుండ్రటి కిటికీతో. మేం ఇంట్లోలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోయాం. మళ్లీ తలుపు తీసేసరికి చెప్పులు లేవు. ఎవరో మర్చిపోయారనుకుని ఊడ్చేవాళ్లు తీసుకుపోయి, పోయిన సామాన్ల గదిలో పెట్టారట. అది తెలిసేదాకా అత్త ఆ పొడుగాటి తివాచీ దారిలో వట్టికాళ్లతోనే తిరిగింది. "మెత్తగా ఉండాదిలే" అంది. కాబట్టి ఇంకో మాట, ఓడలో చెప్పులు గది లోపలే విడవండి. మన గుమ్మాల పద్ధతి వాళ్లకు తెలియదు.

సాయంత్రం ఓడ కదిలింది. కదిలిందని ముందు కాళ్లకు తెలిసింది, తర్వాత కళ్లకు. చెన్నై దీపాలు మెల్లగా దగ్గరికి చేరి, ఒక గీతయి, ఆ గీత కూడా తడిసి కరిగిపోయింది. నేను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. ఒళ్లంతా తేలికైపోయింది. నేనెవరి భార్యనో, ఎవరి కోడలినో కాసేపు గుర్తులేదు. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదని చెబితే మా ఆయన నవ్వుతాడు గాని, నిజం.

మర్నాడు తెల్లవారుజామున పక్క మంచం ఖాళీగా ఉంది. పైకి పరిగెత్తాను. అత్త ఓడ పైఅంతస్తులో నిలబడి ఉంది. చుట్టూ నీళ్లు. ఆకాశం, నీళ్లు ఒకటే రంగులో ఉన్నాయి. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలయిందో తెలియడం లేదు. అటూ ఇటూ చూసి, ఓడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, మళ్లీ వచ్చింది.

"కొండ యాడుండాది మే?"

కింద విచారణ బల్ల దగ్గరికి పోయి అడిగాను. అక్కడి అమ్మాయి తెర మీద నీలం పటం చూపించి, ఓడ ఇక్కడుంది, ఒడ్డు ఇటువైపు అంది. పైకొచ్చి అత్తను ఆ వైపు తిప్పి నిలబెట్టాను. "ఈ పక్క. దండం పెట్టుకో, తిందాం రా." ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏమీ కనపడ్లా" అంది.

"కనపడదు. అనుకోవాల."

"అనుకుంటే సూసినట్టా?"

భోజనాల హాల్లో లేనిది లేదు. ఇడ్లీ, పొంగలి, పూరీ, పేర్లు తెలియని రొట్టెలు, కోసి పేర్చిన పండ్లు. అత్త పళ్లెం ముందు పెట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాత్ర వేసుకోనివ్వలేదు నేను, తినకుండా వేసుకుంటే పడిపోతుంది. కోపంతో నేను మాత్రం ఎప్పటికంటే ఎక్కువే తిన్నాను. కాసేపయ్యాక మళ్లీ పైకి తీసుకుపోయి, మళ్లీ అడిగొచ్చి, ఈసారి అవతలి పక్కకు తిప్పి నిలబెట్టాను. ఆమెకు విసుగొచ్చింది.

"పొద్దున ఈ పక్కంటివి, ఇప్పుడు ఆ పక్కంటావు. కొండ తిరగతాండాదా, మనం తిరగతాండామా?"

మధ్యాహ్నం ఆమె చేతులు వణికాయి. నుదుటి మీద చెమట పట్టింది. నా చేతిసంచిలో కలకండ ఉంది. నోరు తెరిపించి ఒక పలుకు పెట్టాను. అది మందు కిందే లెక్కని నచ్చజెప్పి ఇంకొకటి పెట్టాను. చెమట ఆరింది. భయం తగ్గాక నాకు నోరు లేచింది. "అన్నం తినొద్దని దేవుడు సెప్పినాడా? నీకేమన్నా అయితే నీ కొడుక్కి నేనేం సెప్పేది? అందరూ నీ కాళ్లకు మొక్కతారని మొండికేస్తాండావా?" అన్నాను. పక్క కుర్చీలవాళ్లు చూస్తున్నారు. అత్త కోపగించుకోలేదు. దూరంగా చూస్తూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా మండింది.

తర్వాత ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఇద్దరం పడక్కుర్చీల్లో ఒరిగాం. గాలి వెచ్చగా ఉంది. ఓడ ఊగుతోందో, నేను ఊగుతున్నానో. మా అంగడిలో రంగుల అట్ట ఉంటుంది, నీలాలే ఒక పేజీ నిండా ఉంటాయి, ఒక్కొక్కదానికి ఒక పేరు. మగతలో ఆ పేజీ పట్టుకుని సముద్రం పక్కన పెట్టి చూస్తున్నాను. ఏదీ కుదరడం లేదు. ఒకటి కుదిరేలోపు సముద్రం మారిపోతోంది. కళ్లు తెరిచినప్పుడల్లా పక్కన అత్త చెయ్యి చూసి, వణకడం లేదని తెలుసుకుని, మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని. సాయంత్రం కూడా ఆమె కలకండ, నీళ్లతో సరిపెట్టింది. రేపు పొద్దున కూడా ఇలాగే అయితే ఓడ డాక్టరు దగ్గరికి ఎత్తుకుపోవాల్సిందేనని ఆమెకు చెప్పేశాను.

మూడోరోజు తెల్లవారకముందే ఆమే నన్ను లేపింది. "లెయ్ మే, ఒక్కతే పోలేను, కాళ్లు తేలిపోతాండాయి." పట్టుకుని పైకి తీసుకుపోయాను. ఓడ చెన్నై వైపు తిరిగొస్తోంది. ఇంకా చీకటి. నీళ్ల మీద దూరదూరంగా చేపల పడవల దీపాలు, ఒకదాని వెనక ఒకటి, పైకి ఎక్కుతున్నట్టు. మా మిద్దె మీది నుంచి కొండ మెట్లదారి దీపాలు అచ్చం అలాగే కనబడతాయి. వాటన్నిటికీ దూరంగా, ఒంటరిగా, కదలకుండా తెల్లగా ఒక దీపం.

అత్త నా చెయ్యి వదిలేసి రెయిలింగు పట్టుకుంది.

"అదో" అంది. "మీ మామ దీపం."

నీరసానికి మతి తప్పిందనుకున్నాను. మామను నేను చూడలేదు. మా ఆయన చంకలో బిడ్డగా ఉన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడని మాత్రం తెలుసు. మెట్లదారిలో మజ్జిగ అంగడి పెట్టుకుని ఉండేవాడని కూడా తెలుసు.

"అంగడికి సీకట్లోనే పోతాండె" అంది అత్త, దీపం మీది నుంచి కళ్లు తీయకుండా. "నెత్తిన మజ్జిగ కుండ. దోవలో చిరతపులులు తిరగతాయి. మెట్లు పాచి పట్టి జారతాయి. నేను మన వీధి కొసన నిలబడి సూస్తాంటి. అంగడి కాడికి సేరినాక పెట్రోమాక్స్ లైటు ముట్టిస్తాడు. అది తెల్లగా అగుపిస్తే, సేరినాడని. అప్పుడు పొయ్యి కాడ కూసోని ఇంత సంగటి తింటాంటి. దానికి ముందు గొంతు దిగేది గాదు."

"మరి దేవుడు?"

"దేవునికేమి మే, అంతమంది కాపలా ఉండారు. మీ మామకు ఎవురుండారు?"

గాలికి ఆమె జుట్టు చెదిరి మొహం మీద పడుతోంది.

"ఆయప్ప పోయినాక గూడా కాళ్లు ఆడికే పోయినాయి. అందరూ భక్తి అనిరి. కాదు, మొగుడి దీపం సూస్తాండానంటే నవ్వరా? ఊరకుండిపోయినా. ఇప్పుడు ఆడ అన్నీ కరెంటు దీపాలే. ఏది ఆయప్పదో తెలీదు. ఏదో ఒకటి ఆయప్పదే అనుకుంటా. నిన్న సూస్తే నీళ్లే. ఒక్కటన్నా లేదు."

తూర్పున తెలుపు వచ్చింది. నీళ్లకు మళ్లీ రంగు వచ్చింది. చూస్తుండగానే ఆ ఒంటరి పడవలోవాళ్లు తెల్ల దీపం ఆర్పేశారు. అయ్యో, ఇప్పుడు ఈమె ఏమైపోతుందోనని భుజం పట్టుకున్నాను. అత్త మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంది.

"తెల్లారినాక ఆర్పేస్తాడు" అంది. "సేరినాడు లే. పా, తిందాం. ఆకలికి పేగులు అరస్తాండాయి."

ఆ పొద్దు ఆమె ఇడ్లీ తినింది, పొంగలి తినింది, చట్నీలో ఉప్పు తక్కువని వంకపెట్టి మళ్లీ వేయించుకుంది. నేను మాత్ర చేతిలో పట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. కళ్లనీళ్లు ఆగలేదు. "ఏంది మే, కారమా?" అంది. అవునన్నాను.

ఇల్లు చేరేసరికి మునిమాపు. మా ఆయన ఆ పూట అంగడి పనివాళ్లకు వదిలేసి గుమ్మంలో కాచుకుని ఉన్నాడు, చేతుల మీద రంగు మరకలతోనే. పెట్టె అందుకుంటూ మొదట అడిగింది అదే.

"కొండ కనపడకుంటే అమ్మ ఎట్ల తినింది?"

నేను అత్త వైపు చూశాను. ఆమె చెప్పులు గుమ్మం బయట విడుస్తోంది.

"మీ నాయన దీపం అగుపించినాది లేరా" అంది, పక్కింటి సంగతి చెప్పినట్టు.

ఆయనకు అర్థం కాలేదు. చిన్నప్పటి నుంచి అమ్మ కొండకు మొక్కుతోందనే ఆయన కూడా అనుకుంటున్నాడు. నాయన మొహం గుర్తులేదు, ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. అత్త మెల్లగా మిద్దె మెట్లు ఎక్కింది. ఆయన పెట్టె అక్కడే వదిలేసి వెనకాలే ఎక్కాడు. పైకి పోయేసరికి కొండ మీద దారి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అత్త చెప్పడం మొదలుపెట్టింది, మజ్జిగ కుండ దగ్గర నుంచి.

అంతా విన్నాక ఆయన రంగు మరకల వేలితో కొండ వైపు చూపిస్తూ అడిగాడు, "ఏదిమా?"

అత్త ఆ వేలు పట్టుకుని కొంచెం పక్కకు జరిపింది.