వెలగని వీధికి సంతకం

తుపాను దాటిన మర్నాడు ఊళ్ళో నిటారుగా నిలబడిన కరెంటు స్తంభం ఒక్కటీ కనపడలేదు. కొన్ని నడుముకి విరిగాయి, కొన్ని ఎవరో పీకి పారేసినట్టు పడుకున్నాయి. తెగిన వైర్లు రోడ్ల మీద జడలు కట్టాయి. ఆ ఉదయం ఒక లైన్‌మేన్, సగం ఎగిరిపోయిన తన ఇంటికప్పు కింద మిగిలిన సగంలో భార్యనీ సామాన్లనీ సర్ది, తడిసిన చొక్కాతోనే డ్యూటీకి బయల్దేరాడు.

మనిషి ఆరడుగుల పైమాట. భుజాన ఎప్పుడూ నిచ్చెన. అందుకే గోదాముల వెనక వీధిలో చిన్నాపెద్దా అందరికీ అతను నిచ్చెనన్న. అసలు పేరు ఆఫీసు కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఏనాడూ సెలవు అడగలేదు, బదిలీ అడగలేదు, ప్రమోషన్ అడగలేదు. "అడక్కపోతే అమ్మైనా పెట్టదు" అని భార్య సాధించేది. "నాకు నువ్వు పెడుతున్నావుగా" అని తప్పించుకునేవాడు.

వెళ్తుంటే వీధి వాళ్ళు చుట్టుముట్టారు. మూలింటి దర్జీ అక్క మోటారు మిషన్ నీళ్ళలో నుంచి తీసి ఎండలో పెట్టుకుంది. ఎదురింటి డ్రాయింగు మాస్టారికి ఆయాసం. రోజుకి మూడుసార్లు మందు పొగ పీల్చే మిషన్ లేకపోతే ఆయనకి ఊపిరాడదు.

"తమ్ముడూ, మన వీధి సంగతి ఏంటి?" అంది దర్జీ అక్క.

"ముందు ఆసుపత్రి, తర్వాత నీళ్ళ పంపు. ఆ తర్వాత మనదే అక్కా. సూపర్‌వైజర్ ఎవరనుకున్నావ్? మనవాడేగా!"

ఆ సూపర్‌వైజర్ నిచ్చెనన్నకి స్వయానా బావమరిది. తల్లీతండ్రీ పోయాక పద్దెనిమిదేళ్ళ వయసులో అక్క ఇంటికి చేరాడు. వాడికి స్తంభం ఎక్కడం నేర్పింది నిచ్చెనన్నే. మొదటిసారి పైదాకా ఎక్కి, కాళ్ళు వణికి దిగలేక ఏడుస్తుంటే, తనే ఎక్కి వెనక నుంచి పట్టుకుని అంగుళం అంగుళంగా కిందికి దించాడు. ఆ తర్వాత వాడు పరీక్షలు రాశాడు, పాసయ్యాడు, బావకే పైఅధికారి అయ్యాడు. నిచ్చెనన్నకి అది గర్వంగానే ఉండేది. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని సామెత. తనకి దాయాదులే లేరు గనక ఇక భయం దేనికనుకునేవాడు.

ఆ పనిలో నమ్మకమంటే మాటలు కాదు. పైకెక్కే ముందు లైన్‌లో కరెంటు ఆపేశామని కిందివాడు చెప్పాలి. ఆ ఒక్క మాట మీద పైవాడి ప్రాణం ఆధారపడుతుంది. ఎవరు చెప్పినా నిచ్చెనన్న తన టెస్టర్‌తో ఒకటికి రెండుసార్లు చూసుకునేవాడు. బావమరిది "ఎక్కు బావా" అంటే మాత్రం చూసుకునేవాడు కాదు.

పన్నెండు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. అరచేతులు బొబ్బలెక్కి, చిట్లి, మళ్ళీ బొబ్బలెక్కాయి. ఆసుపత్రి వెలిగిన రోజు ఒక నర్సు కిటికీలోంచి చప్పట్లు కొట్టింది. సబ్‌స్టేషన్ వెనక కొత్త సిమెంటు స్తంభాలు దిగాయి. అందులో పదకొండింటి మీద సుద్దముక్కతో 'గోదాముల వెనక' అని రాసి ఉండటం కళ్ళారా చూశాడు. ఇంటికొచ్చి వీధంతా చెప్పాడు. మాస్టారు ఆయాసపడుతూనే నవ్వారు. "బాబూ, నా ఊపిరి నీ స్తంభాలకి వేలాడుతోంది" అన్నారు. అప్పటికి ఆయన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళి, వరండాలో ప్లగ్గు దగ్గర కూర్చోబెట్టి తెస్తున్నారు.

పన్నెండో రోజు మధ్యాహ్నం నీళ్ళ పంపు దగ్గర పని చేస్తుంటే బావమరిది ఫైలు పట్టుకుని వచ్చాడు.

"బావా, రోజువారీ కాగితాలు. తొమ్మిదున్నాయి. సంతకాలు పెట్టేయ్."

నిచ్చెనన్న గ్లవ్స్ తీశాడు. ఆనించుకోవడానికి బల్లా లేదు, గోడా లేదు. బావమరిది నవ్వుతూ వెనక్కి తిరిగి వంగి వీపు ఇచ్చాడు. ఆ వీపు మీద ఫైలు పెట్టి, ఏం రాసి ఉందో చూడకుండా, తొమ్మిది సంతకాలూ పెట్టి మళ్ళీ పైకెక్కాడు.

నీళ్ళ పంపు అయింది. బజారు అయింది. బ్యాంకులున్న రోడ్డు అయింది. వీధి వాళ్ళు అడిగినప్పుడల్లా "రేపో మాపో" అంటున్నాడు. ఊరంతా వెలిగిస్తున్నవాడి ఇంట్లో కొవ్వొత్తి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని భార్య దెప్పింది. ఇరవయ్యో రోజుకి మాస్టారు రిక్షా ఎక్కే ఓపిక కూడా లేక, కూతురితో పక్క ఊరు వెళ్ళిపోయారు. పోతూ ఇంటి తాళంచెవి నిచ్చెనన్న చేతిలో పెట్టారు. "వెలగ్గానే కబురు చెయ్యి. వచ్చేస్తాను."

మర్నాడు దర్జీ అక్క ఇక ఆగలేక కరెంటాఫీసుకి వెళ్ళింది. గుమాస్తా రిజిస్టరు తిప్పి ఆవిడ ముందు పెట్టాడు.

"మీ వీధికి పన్నెండో రోజే కరెంటు ఇచ్చేశాం కదమ్మా. ఇదిగో, పని పూర్తయిందని మీ లైన్‌మేన్ సంతకం."

ఆ సాయంత్రం నిచ్చెనన్న వీధి మొదట్లో అడుగుపెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. రోజూ ఎవరో ఒకరు ఎదురొచ్చి నిచ్చెన అందుకునేవాళ్ళు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. దర్జీ అక్క గుమ్మంలోంచి చూసి, తలుపు మెల్లగా వేసేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది.

"ఏమైంది వీళ్ళకి?" అని భార్యని అడిగాడు.

ఆవిడ విన్నది చెప్పింది. చెప్పేటప్పుడు మొగుడి మొహం చూడలేదు, గోడకేసి చూసింది. అతను భుజాన నిచ్చెన దించడం మర్చిపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది.

తెల్లవారగానే సబ్‌స్టేషన్ వెనక్కి వెళ్ళాడు. సుద్దరాతల స్తంభాలు లేవు. కొత్త కాలనీ రోడ్డున పోతే కనిపించాయి. పదకొండూ వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని మీద సుద్ద పూర్తిగా చెరగలేదు కూడా. వాటి కింద ఇళ్ళలో పట్టపగలే లైట్లు వెలుగుతున్నాయి.

బావమరిది ఆఫీసు గదిలో ఒక్కడే ఉన్నాడు.

"కూర్చో బావా."

"కూర్చోను. నా చేత ఏం రాయించుకున్నావ్?"

వాడు కలం మూత పెట్టాడు, తీశాడు. "పైనుంచి ఒత్తిడి బావా. కాలనీలో ఉండేదంతా పెద్దవాళ్ళు. స్తంభాలు అటు పంపమన్నారు. ఊరంతా అయిపోయిందని లెక్క చూపించమన్నారు. ఏదో ఒక వీధి ఆపక తప్పలేదు."

"ఊళ్ళో నూట పాతిక వీధులున్నాయి. నా వీధే దొరికిందా?"

"వేరే వీధైతే గొడవైపోతుంది. మీదైతే నువ్వు సర్దిచెప్తావనుకున్నా."

"నేనే అడిగితే ఏం చేద్దామనుకున్నావ్?"

"నువ్వెప్పుడైనా, ఏదైనా అడిగావా బావా?" అన్నాడు వాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే, ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నిచ్చెనన్నకి అప్పుడు తెలిసింది. తిడితే తిరిగి తిట్టేవాడు. అబద్ధమాడితే నిలదీసేవాడు. ముప్పై ఏళ్ళ తన మంచితనాన్ని వాడు ఒక సందులా చూశాడు. అందులోంచి దూరిపోయాడు.

ఇంటికొచ్చి భార్య ముందు కాగితం పెట్టాడు. అతని చేతిరాత అతనికే అర్థం కాదు. ఏం రాయాలన్నా ఆవిడే రాసేది.

"ఇప్పుడు చెప్పేది రాస్తే నీ తమ్ముడికి ముప్పు. రాయలేనంటే నేను కోప్పడను. వేరే ఎవరి చేతైనా రాయిస్తాను."

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుంది. "వాడు నా తమ్ముడే. వాడికి నేను అన్నం కలిపి ముద్దలు పెట్టాను. కానీ అక్కడ సంతకం మాత్రం నీది. చెప్పు."

మొత్తం రాసింది. చదవకుండా సంతకం పెట్టిన తన తప్పుతో సహా చెప్పమని అతనంటే, "అది కూడానా?" అని ఒక్కసారి ఆగి, అది కూడా రాసింది. ఈసారి అతను ప్రతి అక్షరం చదివి, అప్పుడు సంతకం పెట్టాడు. ఆ కాగితం పెద్దాఫీసులో ఇచ్చే ముందు వీధి వాళ్ళందరినీ పిలిచి పైకి చదివి వినిపించాడు. "బావా బావమరిదీ కలిసి ఆడిన నాటకం కాదని నమ్మకమేంటి?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. అతను విన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పెద్దాఫీసుకి బయల్దేరాడు.

విచారణ జరిగింది. బావమరిదిని అదే హోదాలో వేరే ఊరికి పంపించారు. తప్పుడు పత్రం మీద సంతకం పెట్టినందుకు నిచ్చెనన్నని స్తంభాలు ఎక్కకుండా ఏడాది పాటు స్టోర్‌లో పడేశారు. స్తంభాల మీద వైర్లు కట్టే పింగాణీ కప్పులు, బోల్టులు, తుప్పు వాసన. ముప్పై ఏళ్ళు ఆకాశంలో తిరిగినవాడికి కిటికీ లేని గది.

గోదాముల వెనక వీధికి నలభై ఏడో రోజున స్తంభాలు వచ్చాయి. వేరే ముఠా వాళ్ళు నాటారు. నిచ్చెనన్న సెలవు పెట్టాడు, సర్వీసులో మొదటిసారి. కింద నిలబడి తాడు పట్టాడు. సాయంత్రం నాలుగింటికి దర్జీ అక్క మిషన్ చప్పుడు వీధిలోకి వినిపించింది. అందరూ నవ్వారు. అక్క బయటికొచ్చి అతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

"తీసుకోండి. మీరు పొద్దుట్నుంచీ ఎండలోనే ఉన్నారు" అంది.

ఇరవై ఏళ్ళుగా ఆవిడ నోట 'నువ్వు' తప్ప విననివాడు. ఆ 'మీరు' విని, గ్లాసు సగంలోనే తిరిగిచ్చేశాడు.

మాస్టారికి కబురు పంపాడు. ఆయన బదులు కూతురు వచ్చింది. నాన్నకి ఇప్పుడు అక్కడి డాక్టరు అలవాటయ్యాడనీ, ఇల్లు అద్దెకిస్తామనీ చెప్పి తాళంచెవి తీసుకుంది. తిట్టలేదు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి ఎండాకాలం ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. చిక్కిపోయాడు. గేటు అవతలే ఆగాడు. అక్క లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

"బావ ఉన్నాడా?"

"ఉన్నాడు."

లోపల నిచ్చెనన్న మంచం మీద కూర్చుని అంతా వింటున్నాడు. పిలిస్తే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. కొట్టాలని లేదు, కావలించుకోవాలనీ లేదు. మనసులో ఒక చోటు బొత్తిగా ఖాళీ అయిపోయింది, అంతే. బయట వాడు చాలాసేపు నిలబడ్డాడు. పిలవలేదు. ఇతనూ లేవలేదు.

కాసేపటికి గేటు గడియ పడిన చప్పుడైంది. భార్య లోపలికొచ్చి అతని పక్కన కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది.