పిన్ని పాపిడి అటు పోయింది

మా పిన్నికి ఫోటో అంటే గిట్టదు. ఎక్కడ కెమెరా కనబడినా ఓ పొడుగాటి మనిషిని వెతుక్కుని వెనక నక్కుతుంది. తప్పించుకోలేక దొరికిపోయిన ఫోటోలు చూసి, "ఇది నేనా? ఎవరో మూతి వంకర మనిషి" అని అవతల పారేస్తుంది. బాబాయికేమో తన సెలూన్ గోడకి ఆవిడ బొమ్మ ఒకటి తగిలించాలని ఏళ్ల నాటి కోరిక.

ఆయన దగ్గర క్రాఫ్ చేయించుకునే డ్రాయింగ్ మాస్టారు ఉపాయం చెప్పాడు. ప్లాస్టిక్ పలకకి పల్చగా సబ్బు పూసి ఆరబెట్టాలి. దాని మీద నీళ్లకు కరిగే క్రేయాన్లతో గీసి, వాటర్ కలర్ వేసి, ఆరాక తడి కాగితం పరిచి రుద్దితే బొమ్మ కాగితానికి ఎక్కుతుంది. సరిగ్గా వచ్చేది ఒక్కటే. రెండోది తీస్తే వెలిసిపోయినట్టుంటుంది. ఒకసారి కత్తెర పడితే మళ్లీ అతకని పనిలో ఉన్నవాడు కదా, బాబాయికి ఇది తెగ నచ్చేసింది.

సెలవు రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంటింటి బల్ల మీద రంగులన్నీ పరిచాడు. కూరలు తరుగుతున్న పిన్నిని ఓరకంట చూస్తూ గీయడం మొదలుపెట్టాడు.

"కాస్త కదలకుండా ఉండవే."

"కదలకపోతే వంటెవరు చేస్తారు, మీ మాస్టారా?"

ముక్కుని గాలికొదిలేశాడు గానీ పాపిడి మాత్రం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టినట్టు గీశాడు. చెంప మీద పుట్టుమచ్చ పెట్టాడు. రంగులు ఆరాక, సెలూన్‌లో జుట్టు తడిపే స్ప్రే సీసాతోనే కాగితం తడిపి, పలక మీద పరిచి, చెంచా వెనక వైపుతో ఓపిగ్గా రుద్దాడు.

కాగితం ఎత్తితే రంగులు భలే దిగాయి. చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. పిన్ని ఎడమ పాపిడి కుడికి పోయింది. పుట్టుమచ్చ కూడా దాని వెంటే వెళ్లింది. అచ్చు తిరగబడుతుందని మాస్టారు చెప్పే ఉంటాడు, ఈయన వింటేగా! నాకు నవ్వాగలేదు.

"ఊరందరికీ పాపిడి తీసేవాణ్ణి, కట్టుకున్నదాని పాపిడే తప్పు తీశాను" అని బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు నిజంగానే జాలేసింది.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి బొమ్మ అందుకుంది. పారేస్తుందనుకున్నాం. చాలాసేపు చూసింది.

"ఇది నేనే" అంది.

"పాపిడి అటుంది కదే!"

"అటే ఉంటుంది. రోజూ తల దువ్వుకుంటుంటే అద్దంలో కనబడేది ఈ మొహమే. ఫోటోల్లో ఉండేదే ఎవరో."

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "మరి నాకు కనబడేది ఆ ఫోటోల్లో ఆవిడేనే. పెళ్లైన దగ్గర్నుంచీ."

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆవిణ్ణి చూసేనా ఇన్నేళ్లూ అంత మురిసిపోయారు?"

"ఇంకెవర్ని చూసి?"

పిన్నికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. జుట్టు సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఏదీ, నీ ఫోన్ తియ్యి. ఆవిడెలా ఉంటుందో నేనూ ఓసారి సరిగ్గా చూస్తాను."